మొదటి కొప్పెర నీళ్ళు

మొన్న హిందూపురంలో మందుల షాపుకు వెళ్ళి మడమల పగుళ్ళకు ఏదైనా క్రీము ఇమ్మన్నాను. షాపతను ఒక ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది తీస్కోండి మేడం. కొత్తగా వచ్చినాది. దీంట్లో పట్టు ప్రోటీన్ ఉండాదంట. ఫారిన్ సరుకు" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని వెనకవైపు ఉన్న సన్నటి అక్షరాలు చదివాను. నీళ్ళు, ఏవేవో నూనెలు, వాటి మధ్యలో సెరిసిన్. ఆ మాట చూడగానే షాపులోనే గట్టిగా నవ్వేశాను. నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. షాపతను బెదిరిపోయి, "వద్దంటే వేరేది ఇస్తాలే మేడం" అన్నాడు.

వద్దని ఎందుకంటాను, కొనుక్కున్నాను. కానీ ధర్మవరంలో మా వీధిలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ నవ్వు వస్తుంది. సెరిసిన్ అంటే పట్టు జిగురు. మా వీధి కాలువలో పొద్దస్తమానం పారుతూ ఉండింది అదే. ఆ కాలువ గట్టున నిలబడి, "మీకు మురుగు నీళ్ళు కనపడతాండాయి. నాకు మందు కనపడతాండాది" అని వినేవాళ్ళకూ విననివాళ్ళకూ చెప్పిన మనిషి ఒకాయన ఉండేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆయనే చెప్పాడు, ఎందుకు చెప్పాడో ముందు ముందు తెలుస్తుంది. మా నాయన మగ్గం నేసేవాడు. ఆయన మా ఎదురింట్లో పట్టు ఉడకబెట్టేవాడు. మా నాయన ఆయన్ని బావా అనేవాడు, ఆయన మా నాయన్ని బావా అనేవాడు, కాబట్టి నాకు మామ. మేం హిందువులం, వాళ్ళు ముస్లింలు. వరస ఎప్పుడు, ఎట్లా కలిసిందో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పట్టు ఉడకబెట్టడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పట్టుపురుగు గూడు కట్టేటప్పుడు నోట్లోంచి వదిలే దారం ఒక పోగులా కనిపిస్తుంది గానీ నిజానికి రెండు పోగులు. వాటి చుట్టూ పూతలా ఉండి రెంటినీ కలిపి పట్టి ఉంచేది జిగురు. హిందూపురంలో గూళ్ళ నుంచి తీసిన ముడిపట్టు చిలపలు, అంటే దారపు చుట్టలు, ఆ జిగురుతోనే మా ఊరికి వచ్చేవి. ముట్టుకుంటే గరుకుగా ఉండేవి, మెరుపు ఉండేది కాదు. పెద్ద రాగి కొప్పెరలో సబ్బూ సోడా కలిపిన నీళ్ళు కాగబెట్టి, చిలపల్ని కర్రలకు తగిలించి ముంచి తిప్పితే జిగురు కరిగిపోతుంది. ఆ తర్వాతే పట్టు పట్టులా కనబడుతుంది, రంగు పట్టుకుంటుంది. కిలో చిలపలు వేస్తే ముప్పావు కిలో తేలేది. మిగిలిన పావు కాలువలోకి పోయేది.

మామ పొడుగాటి మనిషి. కొప్పెర మీదికి వంగీ వంగీ నడుము ముందుకు ఒరిగిపోయింది. గళ్ళ లుంగీ, చేతుల బనియను, ఎప్పుడో తెల్లగా ఉండిన టోపీ. వింతంతా చేతుల్లో ఉండేది. మోచేతుల పైన చర్మం నల్లగా, బరగ్గా ఉండేది. మోచేతుల కింద నున్నగా, పెళ్ళికూతురి చేతుల్లా ఉండేది. సోడా నీళ్ళలో నానీ నానీ వీధిలో మిగతా ఉడుకు పనివాళ్ళ వేళ్ళు చీలిపోయి నెత్తురు కారుతుండేవి. వాళ్ళు మామను చూసి, "దొరసాని చేతులు వచ్చినాయి, దారి ఇడవండ్రప్పా" అని ఎగతాళి చేసేవాళ్ళు. మామ ఏమీ అనుకునేవాడు కాదు. చేతులు చాపి ఇటూ అటూ తిప్పి చూపించేవాడు.

ఆ నునుపు ఎక్కడిదో ఆయన దాచలేదు. అందరూ ఒక కొప్పెర పెట్టుకుంటే ఆయన రెండు పెట్టుకునేవాడు. మొదటి కొప్పెరలో వట్టి నీళ్ళే. సబ్బు లేదు, సోడా లేదు. చిలపల్ని ముందు దాంట్లో బాగా ఉడకనిచ్చి, తర్వాతే సబ్బూ సోడా ఉన్న రెండో కొప్పెరలో వేసేవాడు. దీనివల్ల పని ఒక గంట ఆలస్యమయ్యేది, కట్టెలు ఎక్కువ కాలేవి. "పోగు నలగదు" అనేవాడు అడిగినవాళ్ళతో. మొదటి కొప్పెర నీళ్ళు కాస్త పసుపుపచ్చగా, వేళ్ళకు అంటుకునేట్టు ఉండేవి. వాటిలో కొంచెం మట్టికుండలోకి తీసి గడప పక్కన పెట్టేవాడు. పని అయ్యాక చేతులు ఆ కుండలో ముంచుకుని, తుడవకుండా గాలికి ఆరబెట్టుకునేవాడు.

చలికాలం వస్తే వీధిలో ఆడవాళ్ళంతా ఆ కుండ దగ్గరికి చెంబులతో వచ్చేవాళ్ళు. మడమలు పగిలినవాళ్ళు, చేతులు పొట్టు లేచినవాళ్ళు, మా అమ్మతో సహా. మామ చెంబులో పోస్తూ ప్రతిసారీ అవే రెండు షరతులు చెప్పేవాడు. "ఈ పొద్దువి ఈ పొద్దే పూసుకోవల్ల. నెత్తురు కనపడే సోట పూయకూడదు." మర్నాటికి ఆ నీళ్ళు జున్నులా గట్టిపడి, కంపు కొట్టేవి. అట్లా గట్టిపడినదాన్ని ఆయన అరచేతిలో వేసుకుని వణికించి పిల్లలకు చూపించి, తర్వాత కాలువలో విసిరేవాడు.

పట్టు ఉడికిందా లేదా అని చూసుకునే పద్ధతి కూడా ఆయనదే. చిలపలోంచి నాలుగు పోగులు పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో చూపుడువేలితో రుద్దేవాడు. కళ్ళు మూసుకునేవాడు. "ఇంకా మాట్లాడతాండాది" అంటే జిగురు ఉందని. "నోరు మూసింది" అంటే పోయిందని. మా నాయన ఆ అలవాటును అనుకరించి నవ్వించేవాడు. ఒకసారి నేను కూడా చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ముడిపట్టు నిజంగానే గరగరమంటుంది. ఉడికినది ఏమీ అనదు.

తొంభైల్లో నేను హిందూపురంలో జంతుశాస్త్రం డిగ్రీ చదివాను. పొద్దున ప్యాసింజరు బండిలో పోయి సాయంత్రం అదే దారిలో వచ్చేదాన్ని. ఒకరోజు బండిలో మామ కనిపించాడు. పెనుకొండ దర్గాకు పోతున్నాడు. ఆ రోజు మాకు కాలేజీలో పట్టుపురుగును కోసి లోపలి గ్రంథి చూపించబోతున్నారు. ముందే చదువుకుని ఉన్నాను కాబట్టి ఊరుకోలేక మామకు పాఠం చెప్పాను. పురుగు పొట్టలో ఒక పొడుగాటి గొట్టంలాంటి గ్రంథి ఉంటుంది, దాని వెనక భాగంలో దారం తయారవుతుంది, మధ్య భాగంలో జిగురు తయారవుతుంది, దారం మధ్య భాగంలోంచి వచ్చేటప్పుడు జిగురు పూత వేసుకుని నోటి దగ్గరికి చేరుతుంది, ఆ జిగురు పేరు సెరిసిన్.

మామ చాలా శ్రద్ధగా విన్నాడు. "రెండు పొయ్యిలు అన్నమాట" అన్నాడు. "ఒకదాని మీద అన్నం, ఒకదాని మీద కూర. వడ్డించేటప్పుడు కలుస్తాయి." తర్వాత అడిగాడు, "మీ పుస్తకంలో జిగురు ఏం పని చేస్తాదని రాసినారు?"

"పోగుల్ని అతికిస్తుంది మామా."

"అంతేనా?"

"అంతే రాశారు."

మామ నా వంక జాలిగా చూశాడు. నున్నటి వేళ్ళు ఒకటొకటిగా మడుస్తూ లెక్క చెప్పాడు. "అతికించేది ఒకటి. దారం నోట్లో ఇరుక్కోకుండా జారి రావల్ల, అది రెండు. లోపల పురుగు తొమ్మిది పది దినాలు కూడూ నీళ్ళూ లేకుండా ఉంటాది గదా, దాని ఒళ్ళు ఎండిపోకుండా తడి ఆపవల్ల, అది మూడు. వాన చినుకు పడినా బూజు పట్టకూడదు, నాలుగు. ఎండకు ఉడికిపోకూడదు, అయిదు. ఇన్ని పనులు చేసేదాన్ని పట్టుకోని అతుకు మైదా అన్నట్ల రాస్తే ఎట్ల పాపా? మీ సారును అడుగు."

సారును అడగలేదు. అడిగితే నవ్వుతారని భయం. కానీ తర్వాత చదివిన కొద్దీ మామ మడిచిన వేళ్ళు గుర్తుకొచ్చేవి. జిగురు తేమను పట్టి ఉంచుతుంది, ఎండలోని చెడ్డ కిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది, కొన్ని రకాల సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. అది ఒక్క ప్రోటీన్ కూడా కాదు, ఒకే కుటుంబానికి చెందిన కొన్ని ప్రోటీన్లు పొరలు పొరలుగా ఉంటాయి. ఇవన్నీ పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో పరికరాలు పెట్టి కనిపెట్టినవి. మామ దగ్గర ఉన్న పరికరాలు రెండు చెవులూ ఒక ముక్కూ పది వేళ్ళూ.

పెనుకొండలో దిగేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "కోసేటప్పుడు పురుగును మెల్లగా కోయి పాపా. మనకు కూడు పెట్టేది అది" అన్నాడు.

ఎమ్మెస్సీ అయ్యాక హిందూపురంలోనే పట్టు జిగురు మీద పని చేసే ఒక చిన్న ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. పెళ్ళి అయి పెనుకొండలో కాపురం పెట్టాను. అంటే అదే బండి, ఇప్పుడు సగం దూరం. రెండువేల సంవత్సరం దాటిన తర్వాతి మాట, మా ప్రయోగశాలకు వచ్చే పత్రికల్లో సెరిసిన్ గురించి వ్యాసాలు ఎక్కువయ్యాయి. గాయం మానడానికి పనికొస్తుందేమో, చర్మ కణాలు పెరగడానికి సాయపడుతుందేమో అని రాస్తున్నారు. వాటిని చదువుతుంటే నాకు పట్టరాని గర్వంగా ఉండేది. మా వీధి కాలువ గురించి ప్రపంచమంతా రాస్తున్నట్టు అనిపించేది. ఆ గర్వమే నా చేత తప్పు చేయించింది.

మా నాయనకు షుగరు వ్యాధి. గుంటమగ్గంలో కూర్చుని కాళ్ళతో పలకలు తొక్కాలి. కుడికాలి పలకలో ఒక మేకు పైకి లేచి, బొటనవేలి కింద గుచ్చుకుంది. స్పర్శ సరిగా తెలియని కాలు. ఆయన చూసుకోకుండా వారం రోజులు నేశాడు. నేను శనివారం ధర్మవరం వచ్చేసరికి బొటనవేలూ దాని పక్క వేలూ వాచి నల్లబడ్డాయి. ఆసుపత్రికి పోదామంటే ససేమిరా అన్నాడు. మా వీధి చివర ఒకతనికి ఇట్లాగే పుండు పడితే మోకాలి కింది నుంచి కాలు తీసేశారు. "కాలు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే నేను ఏంటికి?" అన్నాడు నాయన. ఆ వెంటనే, "మా బావ కొప్పెర నీళ్ళు ఉండంగా ఆసుపత్రి ఏంటికి? నువ్వే గదా చెప్తివి, పుండ్లు మానతాయని పత్రికల్లో రాసినారని" అన్నాడు.

చెప్పింది నేనే. పోయిన నెల ఇదే అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పాను. అంతకంటే సిగ్గుపడాల్సిన మాట ఏమిటంటే, నాకూ ఆశ కలిగింది.

మామను అడిగితే ఆ రెండో షరతు చెబుతాడని తెలుసు. అందుకే ఆయన మధ్యాహ్నం నమాజుకు పోయినప్పుడు వెళ్ళి నీళ్ళు తెచ్చాను. అది కూడా మొదటి కొప్పెరవి కాదు. రెండో కొప్పెరలో కరిగే జిగురు ఎక్కువ కదా, ఎక్కువ జిగురు అంటే ఎక్కువ గుణం కదా అని నా చదువు నాకు లెక్క చెప్పింది. పైగా సబ్బు ఉంటే పుండు శుభ్రపడుతుంది అనుకున్నాను. గుడ్డలో వడగట్టి, చల్లార్చి, నాయన కాలు కడిగాను. ఆదివారం రెండుసార్లు కడిగాను. సెలవు పెట్టి సోమవారం కూడా కడిగాను. ఉడుకు వీధిలో పుట్టి, పట్టు జిగురు మీద పని చేసే మనిషి తప్ప ఇంకెవరూ ఆ తప్పు చేయలేరు. మామూలు మనిషికి అసలు ఆ నీళ్ళు ముట్టుకోవాలనే అనిపించదు.

సోమవారం సాయంత్రానికి పుండు అంచులు తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రగా తెరుచుకుంది. నాయన ఒళ్ళు కాలుతోంది. భయపడి మామ దగ్గరికి పరిగెత్తాను. అప్పుడు కూడా నిజం చెప్పకుండా, "మొదటి కొప్పెర నీళ్ళు కొంచెం ఇస్తావా మామా" అనే అడిగాను.

"ఎవరికి?"

"నాయన కాలికి."

మామ చేతిలో ఉన్న కర్ర కింద పెట్టి నాతో వచ్చాడు. నాయన అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మామ గొంతుకూర్చుని, కాలు రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. చిలపల్ని చూసినట్టే చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"దీనికి సోడా వాసన ఏంటికి వస్తాండాది పాపా?"

చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. మామ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సోడా నీళ్ళు పట్టు మీది జిగురునే కోసేస్తాయి గదమ్మా, నాయన తోలు ఎంత?" అన్నాడు. అంతే.

నాయన మాత్రం బింకంగా, "పాపకు తెలీక చేసింది. నీ మంచి నీళ్ళు నాలుగు దినాలు పొయ్యి బావా, అదే మానతాది. ఆసుపత్రికి మటుకు నేను రాను" అన్నాడు.

"నా నీళ్ళలో చచ్చిన పురుగుల వాసన కూడా ఉండాది బావా. పుండు మీద పోస్తే పుండు కుళ్ళిపోతాది."

"ఊరంతా పూసుకుంటాండారు గదా!"

"మూసుకున్న తోలుకు పూసుకుంటాండారు. నీది తెరుచుకుంది."

నాయన వినలేదు. కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. "నీ కుండ ఉన్నంత కాలం నాకు డాక్టరు అక్కర్లేదు" అన్నాడు మొండిగా.

మామ లేచి నిలబడ్డాడు. తర్వాత రోడ్డు దాటి తన గడప దగ్గరికి పోయాడు. కుండ రెండు చేతులా ఎత్తాడు. నీళ్ళు కాలువలో వంపి, కుండను గట్టు రాతికి వేసి కొట్టాడు. వీధిలో వాళ్ళంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చారు. మామ అక్కణ్ణించే కేకేశాడు.

"చూసినావా బావా? లేదింగ కుండ. నీకే కాదు, ఈ ఈదిలో ఎవరికీ లేదు. ఇప్పుడు చెప్పు, యాడికి పోతావు?"

నాయన కళ్ళు తెరిచి కుండ పెంకుల వైపు చూశాడు. "చెప్పులు ఇయ్యి పాపా" అన్నాడు.

ఆ సాయంత్రమే అనంతపురం పెద్దాసుపత్రికి పోయాం. బస్సులో నాయన కాలు మామ ఒళ్ళో ఉంది. పెద్ద డాక్టరు చూసి, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చీలమండ పైకి పోయేదని చెప్పాడు. రెండు వేళ్ళు తీసేశారు. పాదం మిగిలింది. మూడోరోజు కట్టు మార్చే నర్సును మామ బతిమాలి, కుట్లు వేసిన దారం చూపించమన్నాడు. ఆమె ప్యాకెట్టులో మిగిలిపోయిన ముక్క ఒకటి ఇచ్చింది. నల్లటి పట్టుదారం. మామ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని రుద్దాడు.

"నోరు మూసింది" అన్నాడు తృప్తిగా. "బాగా ఉడకబెట్టినారు. ఒక్క పిసరు జిగురు లేదు." ఆ మాట నిజం. శరీరానికి జిగురు పడకపోవచ్చని వెనకటి నుంచీ అనుమానం ఉంది, అందుకే కుట్లు వేసే పట్టుదారానికి జిగురంతా తీసేస్తారు. నేను పుస్తకంలో చదివి కూడా పక్కన పెట్టిన విషయాన్ని మామ ఆసుపత్రి వరండాలో చేత్తో పట్టుకుని చూపించాడు. పక్క మంచం వాళ్ళు ఈయన కూడా డాక్టరే అనుకున్నారు.

నాయన నాలుగు నెలలకు మళ్ళీ మగ్గం ఎక్కాడు. కుడి పలకకు తోలు పట్టీ ఒకటి కొట్టుకుని, పాదం దాంట్లో దూర్చి తొక్కడం అలవాటు చేసుకున్నాడు. మేకుల్ని మాత్రం వారానికోసారి నేనే వెళ్ళి చేత్తో తడిమి చూసేదాన్ని.

కుండ మళ్ళీ రాలేదు. చలికాలం రాగానే ఆడవాళ్ళు చెంబులతో వచ్చి, లేదనిపించుకుని, సణుక్కుంటూ వెళ్ళారు. మా అమ్మ కూడా, "అందరి మీద కోపం ఏంటికన్నా, మడమలకే గదా" అంది. "ఈ పొద్దు మడమ అంటారు, రేపు పుండు అంటారు చెల్లెమ్మా. బావ లాంటి మొండోళ్ళు ఈదికి పది మంది ఉండారు. ఆముదం పూసుకోండి" అన్నాడు మామ. తన కోసం కూడా నీళ్ళు తీసి పెట్టుకోలేదు. ఊరికి లేదని చెప్పి తాను వాడుకోవడం ఆయనకు చేతకాలేదు. రెండేళ్ళు తిరక్కుండానే ఆ నున్నటి చేతులు వీధిలో అందరి చేతుల్లాగే చీలిపోయాయి. దొరసాని చేతులని ఎగతాళి చేసేవాళ్ళు కూడా ఆ మాట మానేశారు.

నేను ప్రయోగశాలలో జిగురు పని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి మామ పద్ధతిలో. గూళ్ళు కోసి లోపలి పురుగును తీసేసి, వట్టి గూటిని శుభ్రంగా కడిగి, సబ్బూ సోడా ఏమీ లేకుండా వట్టి నీళ్ళలో ఉడికించి, వడగట్టి ఆరబెడితే తెల్లటి పొడి వచ్చింది. గాజు పళ్ళేల్లో చర్మ కణాలు పెంచి, కొన్నిటికి ఆ పొడి కలిపాం, కొన్నిటికి కలపలేదు. కలిపిన పళ్ళేల్లో కణాలు అడుగున త్వరగా అతుక్కుని బాగా పరుచుకున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తున్నప్పుడు పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది. ఆ ఎవరైనా ఎవరో చెప్పక్కర్లేదు.

చిన్న గాజుసీసాలో కొంచెం పొడి పోసుకుని ఆదివారం ధర్మవరం వెళ్ళాను. మామ పని తగ్గించుకున్నాడు అప్పటికి, గడప మీద కూర్చుని ఉన్నాడు. సీసా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూశాడు, మళ్ళీ చూశాడు.

"వాసన యాడికి పోయె పాపా?"

"పురుగును ముందే తీసేసినాం మామా. వట్టి జిగురే."

చిటికెడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని రుద్దాడు. పొడి ఏం మాట్లాడుతుంది! అయినా ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగాడు, "దీన్ని పుండు మీద ఎయ్యొచ్చునా?"

పరీక్ష పెట్టినట్టే ఉంది ఆ ప్రశ్న. "ఇంకా లేదు మామా. గాజు పళ్ళెంలో కణాలు వేరు, మనిషి కాలు వేరు. ఎలుకల మీద చూడాలి, ఆ తర్వాత ఎన్నో చూడాలి. కొందరికి పడకపోవచ్చు. ఏళ్ళు పడుతుంది" అన్నాను.

మామ ముఖం విప్పారింది. "అట్ల చెప్పు! ఇప్పుడు వచ్చింది నీకు ఉడుకు పని" అన్నాడు.

చెంబులో కాచిన నీళ్ళు తెప్పించి పొడి కలిపాను. చేతులు చాపమన్నాను. ఆయన చాపి, ఎడమచేతి చూపుడువేలు ఒక్కటి పక్కకు మడిచి పట్టుకున్నాడు. దాని మీద పగులు నెత్తురు చిమ్ముతోంది. "ఈ వేలు వద్దు. ఇది తెరుచుకోని ఉండాది" అన్నాడు. మిగిలిన తొమ్మిది వేళ్ళకూ, అరచేతులకూ నేనే పూశాను. గాలికి ఆరేదాకా ఇద్దరం గడప మీదే కూర్చున్నాం.

"దీన్ని పత్రికలో రాస్తాం మామా. నీ పేరు కూడా వేయిస్తా, ఈ పద్ధతి నీదే కదా."

"నా పేరు వద్దు. పురుగు పేరు ఎయ్యి. నేను పారబోసినోణ్ణి, అది చేసినాది." తర్వాత గట్టిగా అన్నాడు, "యాడ రాసినా అంతే. మాట ఇయ్యి."

ఇచ్చాను. అందుకే ఇక్కడా రాయలేదు.

ఆయన పోయినట్టు పెనుకొండకు ఫోను వచ్చినప్పుడు పొద్దున ఏడు గంటలు. దొరికిన బండి పట్టుకుని వెళ్ళేసరికి వీధి నిండా జనం ఉన్నారు. ఆ రోజు ఎవరూ కొప్పెర కింద పొయ్యి వెలిగించలేదు. కాలువలో నీళ్ళు కూడా లేవు. ఖబరస్తాను ఊరి బయట, రెండు మైళ్ళు ఉంటుంది. మా నాయన తెల్లపంచ కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళు, షుగరు, మూడు వేళ్ళ కాలు. "ఆటో పిలుస్తా నాయనా, అంత దూరం నడవలేవు" అన్నాను.

"ఈ కాలు మిగిలినాది ఏంటికి పాపా?" అన్నాడు.

జనాజా లేచింది. నాయన ముందుకు పోయి భుజం ఇచ్చాడు. కుడికాలు కాస్త ఈడుస్తూ, ఎవరు తప్పుకోమన్నా తప్పుకోకుండా వీధి మలుపు దాకా మోశాడు. ఆ తర్వాత నాకు కనిపించలేదు. చివరిదాకా నడిచాడని, మట్టి వేశాకే వెనక్కు తిరిగాడని వెంట ఉన్నవాళ్ళు చెప్పారు.

సాయంత్రం తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కాళ్ళ నిండా ఎర్రమట్టి. నేను బకెట్టుతో మంచినీళ్ళు తెచ్చి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కడిగాను. వేళ్ళ సందుల్లో, అరికాలి కింద, పాత కుట్ల మచ్చ మీద వేలు పెట్టి వెతికి వెతికి చూశాను. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.